జెర్సీ మీద పేరు పోతే టోర్నీ ఎవరి జేబుతో నడవాలి?

2025 ఆగస్టు మూడో వారంలో ఢిల్లీ నుంచి రెండు నిర్ణయాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని 19వ తేదీ నుంచి కేంద్రం ఎత్తేసింది. ఆ మర్నాడే, 20న, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే బిల్లు లోక్‌సభలో పాసైంది. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మూడు రోజుల్లో పని అయిపోయింది. మొదటి వార్త రైతుల పేజీలోకి, రెండోది స్పోర్ట్స్ పేజీలోకి వెళ్ళాయి. రెంటినీ కలిపి చదివినవాళ్ళు తక్కువే. కానీ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరి టోర్నమెంట్ కమిటీలో తిరిగే కుర్రాళ్ళకు ఆ రెండూ ఒకే వార్త: స్పాన్సర్ పోయాడు.

పైస్థాయి కథ అందరికీ తెలిసిందే. డ్రీమ్ 11 కంపెనీ 2023 జులైలో మూడేళ్ళకు 358 కోట్లిచ్చి టీమిండియా జెర్సీ మీద పేరు కొనుక్కుంది. చట్టం రాగానే ఏడాది మిగిలి ఉండగానే తప్పుకుంది. సెప్టెంబర్ 9న మొదలైన ఆసియా కప్‌లో మన జట్టు స్పాన్సర్ పేరు లేని జెర్సీతో దిగింది. అలాగే ఆడి కప్పు కూడా గెలిచింది. మధ్యలో, సెప్టెంబర్ 16న, అపోలో టైర్స్ 2028 మార్చి దాకా 579 కోట్లకు ఒప్పుకుందని ప్రకటన వచ్చింది. మ్యాచ్‌కు సగటున నాలుగున్నర కోట్ల చిల్లర దాకా వస్తుందని అప్పట్లో లెక్కలు చెప్పారు. అంటే పోయినవాడికంటే వచ్చినవాడు ఎక్కువే ఇస్తున్నాడు. ఈ టైర్ల కంపెనీకి మన తిరుపతి జిల్లా చినపాండూరులోనే ఫ్యాక్టరీ ఉంది, అది వేరే విషయం.

ఇంకో వింత ఏమిటంటే, డ్రీమ్ 11లో డబ్బు పోటీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ముందునుంచే లేవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను ఆపేశాయి. మన పిల్లలు రెండేళ్ళపాటు ఆ పేరున్న నీలం టీషర్టు వేసుకుని తిరిగారు, ఆ యాప్‌లో మాత్రం చట్టప్రకారం పది రూపాయలు పెట్టే వీల్లేదు. చొక్కా మీద పేరు ఎవరి కోసం వేస్తారు, ఎవరు మోస్తారు అనేది అక్కడే తెలిసిపోయింది.

బీసీసీఐ నెల తిరగకముందే కొత్త స్పాన్సర్‌ను ఎలా తెచ్చుకుంది? దానికి జెర్సీ డబ్బు ప్రాణాధారం కాదు కాబట్టి. ఐపీఎల్ ప్రసార హక్కులే 2023 నుంచి 2027 దాకా 48,390 కోట్లు. 358 కోట్లు ఆ పక్కన చిల్లర. తొందర లేనివాడికి బేరం కుదురుతుంది. అంతకుముందు బైజూస్ దగ్గర నూట యాభై కోట్లకు పైగా బకాయి పడితే బోర్డు దివాలా కోర్టుకెక్కింది గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆపలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఫుట్‌బాల్‌ది. దేశ ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో ఒకే భాగస్వామితో 15 ఏళ్ళకు 700 కోట్ల ఒప్పందం చేసుకుంది. ఏటా 50 కోట్ల దాకా చేతికొచ్చేది. ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం ఆ ఒక్క కాగితం మీదే నిలబడింది. 2025 డిసెంబర్ 8తో గడువు ముగుస్తుందనగా, ఆ జులైలోనే భాగస్వామి సంస్థ కొత్త సీజన్‌ను పక్కన పెట్టేసింది. కొత్తవాళ్ళ కోసం టెండర్ పిలిస్తే ఒక్కరూ రాలేదు. క్లబ్బులు జీతాలు ఆపాయి, ఆటగాళ్ళు సోషల్ మీడియాలో మొర పెట్టుకున్నారు. చివరికి 2026 జనవరిలో కేంద్ర మంత్రి కూర్చుని, ఫిబ్రవరి 14 నుంచి 14 క్లబ్బులతో కుదించిన సీజన్ అని ప్రకటించాల్సి వచ్చింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి ఇంకా బాధ. 2022 మార్చిలో గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి లీగ్ గెలిచిన జట్టు అది. రెండేళ్ళు తిరగకముందే జీతాల బకాయిలతో విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచింగ్‌లో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఊరు ఇది. ఆ రోజుల్లో జట్టుకు స్పాన్సర్ లేడు, ఆటగాళ్ళకు డిపార్ట్‌మెంటులో నౌకరీ ఉంది. నెలకు వచ్చే జీతం చిన్నదే, కానీ వచ్చేది. ఛాంపియన్ కప్పు ఉండి జీతం రాని జట్టు కంటే అదే నయం అని ఇప్పుడు అనిపిస్తే తప్పు లేదు.

ఇక మన పొలాల దగ్గరికి వద్దాం.

మిర్చి, పత్తి ప్రాంతంలో టోర్నీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఫ్లెక్సీ చూస్తే తెలుస్తుంది. విత్తనాల, పురుగుమందుల షాపులు, జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, యార్డులో కమీషన్ వ్యాపారులు, ట్రాక్టర్ షోరూములు, ఈ మధ్య రియల్ ఎస్టేట్ వెంచర్లు. మొదటి బహుమతి ఒకరిది, రెండోది ఇంకొకరిది, ట్రోఫీలు మూడో ఆయనవి. వీళ్ళందరి వ్యాపారం ఒకే పంట మీద ఉంది. పురుగుమందుల షాపాయన సీజన్ మొదట్లో రైతుకు ఖాతా మీద సరుకిస్తాడు, పంట అమ్మాక వసూలు చేసుకుంటాడు. ధర పడితే ఆ ఖాతా కదలదు. ఖాతా కదలకపోతే ఆయన ముందు ఆపేది పిల్లల స్కూలు ఫీజు కాదు, ఫ్లెక్సీ మీద తన ఫొటో.

ధరల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. 2023-24లో క్వింటా 20 వేలు దాటి చూసిన మిర్చి, 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు సగానికి పడిపోయింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడాది నల్లబర్లీ పొగాకు కొనేవాడు లేక పర్చూరు వైపు రైతులు రోడ్డెక్కితే మార్క్‌ఫెడ్‌తో కొనిపించారు. ఆగస్టులో ఎత్తేసిన పత్తి సుంకం మొదట సెప్టెంబర్ నెలాఖరు దాకానే అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి ఇంటికొచ్చే నెలలు. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు కాగితం మీద ఉండేది, తేమ పేరుతో కోత పడ్డాక చేతికొచ్చింది వేరు. ఒంగోలు తీరం రొయ్యల మీద అమెరికా సుంకాల దెబ్బ దీనికి అదనం. ఫ్లెక్సీలో ఉన్న ఆరుగురు స్పాన్సర్లు ఆరుగురు కాదు, లోపల ఒక్కడే. మిర్చి ధర అనే ఆ ఒక్కడు పడితే ఆరుగురూ ఒకేసారి పడతారు. ఈ లెక్కన మన ఊరి టోర్నీ బీసీసీఐ లాంటిది కాదు, సూపర్ లీగ్ లాంటిది.

సర్కారు డబ్బు మీద ఆధారపడితే? దానికీ గుంటూరులోనే ఉదాహరణ ఉంది. 2023 డిసెంబర్ 26న నల్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి 'ఆడుదాం ఆంధ్రా' ప్రారంభించారు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్. గ్రామ సచివాలయం నుంచి రాష్ట్ర స్థాయి దాకా, కిట్లతో, నగదు బహుమతులతో. ఫైనల్స్ 2024 ఫిబ్రవరిలో విశాఖలో జరిగాయి. ఏటా పెడతామన్నారు. జూన్‌లో ప్రభుత్వం మారింది, టోర్నీ మళ్ళీ రాలేదు. తర్వాత ఆ ఖర్చు మీద విజిలెన్స్ విచారణ వేశారు. తప్పొప్పులు విచారణ తేలుస్తుంది. ఆటగాడి వైపు నుంచి చూస్తే మాత్రం, కంపెనీ అయినా ప్రభుత్వం అయినా ఒక్క చెయ్యి పట్టుకుని నడిచే పోటీ ఆ చెయ్యి వదలగానే ఆగిపోయింది.

లెక్క వేసి చూద్దాం

రంజాన్ నెల సంగతి చూద్దాం. తరావీహ్ తర్వాత లైట్ల కింద టెన్నిస్ బాల్ క్రికెట్ అనేది మన మొహల్లాల్లో ఒక రివాజు అయిపోయింది. ఒక ఊహా లెక్క తీసుకుందాం. 32 జట్లు, నాకౌట్, అంటే 31 మ్యాచ్‌లు. ఎంట్రీ ఫీజు జట్టుకు 1,500. బహుమతులు మొత్తం 85 వేలు. లైట్లు, జనరేటర్, డీజిల్ 45 వేలు. బంతులు, అంపైర్లు, స్కోరర్లు 25 వేలు. మైకు, షామియానా, ఫ్లెక్సీలు 20 వేలు. ట్రోఫీలు 15 వేలు. నీళ్ళు, చాయ్, మందుల పెట్టె 10 వేలు. మొత్తం 2 లక్షలు. ఫీజుల మీద వచ్చేది 48 వేలు. చిన్న చిన్న షాపులు కలిసి 52 వేలు ఇస్తాయనుకుంటే, మిగిలిన లక్ష పెద్ద స్పాన్సర్‌ది. ఆ లక్ష ఈసారి లేదు.

కమిటీలు మొదట చేసే పని ఫీజు పెంచడం. లక్షను 32 జట్ల మీద పంచితే తలా 3,125 అదనం, ఫీజు 4,625 అవుతుంది. 11 మందికి పంచుకుంటే ఒక్కొక్కడికి నాలుగొందల ఇరవై. యార్డులో మూటలు మోసే కుర్రాడికి, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడికి అది చిన్న మాట కాదు. పన్నెండు జట్లు తప్పుకున్నాయనుకోండి, 20 జట్ల నుంచి వచ్చేది 92,500. కావలసింది 1,48,000. మ్యాచ్‌లు తగ్గి ఖర్చు కొంత తగ్గినా గుంత పూడదు, పైగా తప్పుకున్నవి ఎప్పుడూ పేద జట్లే.

ఇందులో మన కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. ఆడేవాళ్ళ ఫీజులన్నీ పోగేసి గెలిచినవాడికి బహుమతిగా ఇస్తే అది ఖిమార్, అంటే జూదం కిందకొస్తుందని చాలామంది ఉలమా చెబుతారు. ఆటతో సంబంధం లేని మూడోవాడు ఇనాం ఇస్తే, ఫీజు కేవలం మైదానం ఖర్చులకే వాడితే సంగతి వేరు. స్పాన్సర్ ఉన్నన్నాళ్ళు ఈ తేడా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే బహుమతి అతనిది, ఫీజు లైట్లకు. స్పాన్సర్ పోగానే రెండు డబ్బాలు ఒకటైపోతాయి. ఆన్‌లైన్ పందేలను మూయించారని సంతోషించి, మన వీధి చివర అదే పని చేస్తే ఎలా? కమిటీ ముందే మసీదు ఇమాం సాబ్‌ను గానీ, తమకు తెలిసిన ఆలిమ్‌ను గానీ అడిగి రెండు ఖాతాలు వేరు చేసుకోవడం మంచిది. జకాత్ డబ్బు వైపు మాత్రం చూడనే కూడదు. అది ఎవరికి చేరాలో ఖుర్ఆన్‌లోనే ఉంది, క్రికెట్ కమిటీ ఆ జాబితాలో లేదు.

రెండో దారి కోత. బహుమతులను 85 వేల నుంచి 30 వేలకు దించితే 55 వేలు మిగులుతాయి. దీనికి కమిటీలు భయపడతాయి, పెద్ద ప్రైజు లేకపోతే పెద్ద జట్లు రావని. నిజమే, డబ్బుకు ఆడే జట్లు రావు. పక్క జిల్లాల నుంచి అద్దె ఆటగాళ్ళను దింపి కప్పు పట్టుకుపోయే ఆ జట్లు రాకపోతే మొహల్లాకు నష్టమేమిటో ఎవరూ చెప్పరు. సంక్రాంతి టోర్నీ అయితే పగలు పెట్టుకుని లైట్ల 45 వేలు కూడా మిగుల్చుకోవచ్చు, అక్కడికి లక్ష సరిపోతుంది. రంజాన్‌లో ఉపవాసంతో పగలు ఆడించలేరు. కాబట్టి ఇంకా 45 వేలు వెతకాలి.

ఇక్కడ ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలను చూడాలి. కంపెనీ స్పాన్సర్ అనే మాట పుట్టకముందు నుంచీ అవి నడుస్తున్నాయి. కరపత్రం తీసి చూడండి. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, సీనియర్స్. ప్రతి విభాగంలో మొదటి బహుమతి దాత, రెండో బహుమతి దాత, అలా ఆరేడు దాకా, ఒక్కో దాత పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో కూడా. ఎవరి మొత్తమూ టోర్నీని నిలబెట్టేంత పెద్దది కాదు, అందుకే ఎవరు మానుకున్నా టోర్నీ పడిపోదు. ఒక బహుమతి ఖాళీ అయితే ఇంకొకరు రాసుకుంటారు. ఇది కార్పొరేట్ పుస్తకాల్లో లేని తెలివి, మన తిరునాళ్ళలో ఉంది.

అదే పద్ధతిని క్రికెట్‌కు వేస్తే, 31 మ్యాచ్‌లకు 31 మంది, మ్యాచ్‌కు 1,500 చొప్పున. 46,500 అవుతుంది. వెతుకుతున్నది 45 వేలు. టైలర్ షాపు, మొబైల్ రిపేరు, బిర్యానీ పాయింట్, మెడికల్ షాపు, గల్ఫ్‌లో ఉన్న అన్న. 'ఈ మ్యాచ్ ఫలానా వారిది' అని మైకులో పదిసార్లు చెబితే చాలు. లక్ష ఇచ్చేవాడి కోసం ఒక్క గడపలో గంటలు నిలబడే బదులు 31 గడపలు తిరగాలి. కష్టం ఎక్కువే. కానీ వీళ్ళు అందరూ మిర్చి మీద బతికేవాళ్ళు కారు, అసలు లాభం అక్కడుంది.

రసీదు లేని స్పాన్సర్

పెద్ద డబ్బు పూర్తిగా వద్దని కాదు. అడిగే తీరు మారాలి. పెద్ద కంపెనీలు, అంటే 500 కోట్ల నెట్‌వర్త్ గానీ 1,000 కోట్ల టర్నోవర్ గానీ 5 కోట్ల నికర లాభం గానీ ఉన్నవి, మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మన ఊళ్ళలో 'సీఎస్ఆర్ కింద టోర్నీకి ఇప్పించండి' అని ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతుంటారు. చట్టంలో ఉన్నది గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ. కంపెనీకి ప్రచారం వచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్‌గా లెక్కించరు, ఒక్కసారి జరిగి ముగిసే ఈవెంట్లకూ అదే మాట. టోర్నీ పేరుతో పెట్టిన అర్జీ అందుకే వెనక్కొస్తుంది. అదే ఆర్నెల్ల కోచింగ్ క్యాంపు, ఆడపిల్లలకు కబడ్డీ శిక్షణ, నెట్స్, మ్యాటింగ్ అని రాస్తే వినే వీలుంటుంది. చివర్లో ఆ పిల్లలే పోటీ ఆడతారు.

ఇక మధ్యతరగతి వ్యాపారి. ఈయన ఇచ్చేది సాధారణంగా జేబులోంచి తీసిన నోట్లు, కాగితం ఉండదు. పద్దు పుస్తకం పెట్టే వ్యాపారికి ఫ్లెక్సీ మీద పేరు ప్రకటన ఖర్చే, కానీ చూపించడానికి బిల్లు కావాలి. ఒక రోజులో ఒకరికి 10 వేలు దాటి నగదు ఇస్తే దాన్ని వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు. కమిటీకి రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు, డబ్బు వెళ్ళేది కెప్టెన్ ఫోన్‌పేకు. అలాంటప్పుడు 25 వేలు ఇవ్వగలిగినవాడు 5 వేలిచ్చి దండం పెడతాడు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు కలిసి సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. ఖర్చు ఒక ట్రోఫీ ధర కూడా కాదు. తర్వాత ఖాతా, పాన్, రసీదు పుస్తకం. స్పాన్సర్ మారినా ఈ కాగితం మారదు.

హైదరాబాద్ మొయినుద్దౌలా గోల్డ్ కప్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 1930-31లో పాయ్‌గా నవాబు పేరుతో, నవాబు డబ్బుతో మొదలైంది. విజయనగరం రాజకుమారుడు విజ్జీ పెద్ద పెద్ద ఆటగాళ్ళను దింపిన రోజులవి. నవాబూ పోయారు, రియాసతూ పోయింది. టోర్నీ మాత్రం హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ చేతికి వచ్చింది, మధ్యలో ఆగుతూ సాగుతూ ఇన్ని దశాబ్దాలు నిలిచింది. పోషకుడు పోయేలోపు ఒక సంస్థ పుట్టి ఉండటమే దానికి కారణం.

ఇదంతా ఎందుకు అని అడిగే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఆటలేంటి, చందాలేంటి అని. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ పేరు వాళ్ళకూ తెలుసు. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. వైస్ కెప్టెన్. ఆ తర్వాత బోర్డు ఇనాం, ప్రభుత్వ ఇనాం, చెన్నై జట్టు కాంట్రాక్టు. 2025 ఏప్రిల్‌లో ఐపీఎల్‌లో తొలి మ్యాచ్ కూడా ఆడాడు. పేరు వచ్చాక డబ్బు వచ్చింది. పేరు రాకముందు? కొడుకును మంగళగిరి అకాడమీకి తిప్పడానికి తండ్రి ఉద్యోగం వదులుకున్నాడు. ఆ ఏళ్ళలో అతని స్పాన్సర్ ఇంటి యజమానే. ప్రతి తండ్రీ ఉద్యోగం వదులుకోలేడు, వదులుకోమనడం న్యాయమూ కాదు. ఊరి పోటీలు ఉన్నది ఆ మధ్య దూరాన్ని కొంచెం తగ్గించడానికే.

అందుకని బహుమతి తగ్గించేటప్పుడు కమిటీలు ఒక పద్దును మాత్రం ముట్టుకోకుండా ఉంటే బాగుంటుంది. మందుల పెట్టె, నీళ్ళు, అంపైర్ డబ్బులు. సాధారణంగా కోత మొదట అక్కడే పడుతుంది, ట్రోఫీ ఎత్తు మాత్రం తగ్గదు. లైట్లు సరిగ్గా లేని చోట బంతి కంటికి తగిలితే ఆస్పత్రి బిల్లు ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు.

ఇంకొక్క మాట లెక్కల గురించి. టోర్నీ ముగిసిన మర్నాడు వచ్చింది ఎంత, పోయింది ఎంత, మిగిలింది ఎవరి దగ్గర అని ఒక్క కాగితం రాసి చాయ్ హోటల్ గోడకు అంటించే కమిటీలు చాలా తక్కువ. బహుమతి ప్రదానం ఫొటోలు మాత్రం వాట్సప్‌లో రెండొందలు తిరుగుతాయి. మ్యాచ్‌కు 1,500 ఇచ్చిన టైలర్ వచ్చే ఏడాది మళ్ళీ ఇస్తాడా అనేది ఆ ఫొటోల మీద కాదు, ఆ కాగితం మీద ఉంటుంది.